కొత్త ఉద్యోగంలో బెదురు వేరు, బరువు వేరు



ఉద్యోగం రానన్నాళ్లూ రాలేదని దిగులు. వచ్చిన ఆరు నెలలకే తలనొప్పి, కడుపులో మంట, రాత్రిళ్లు నిద్ర పట్టకపోవడం. మానుకోట చుట్టుపక్కల మండలాల నుంచి ఓపీకి వచ్చే చదువుకున్న పిల్లల్లో ఈ బాధలు మేము తరచుగా వింటున్నాం. పరీక్షలు చేయిస్తే చాలామందిలో పెద్ద జబ్బేమీ కనిపించదు. "ఏం పని చేస్తున్నావమ్మా? ఎన్నాళ్లయింది చేరి?" అని అడిగితే అప్పుడు అసలు సంగతి బయటికి వస్తుంది. ఈసారి ఆరోగ్య పాఠం ఆ సంగతి గురించే. ఉద్యోగం చేసేవాళ్లు మాత్రమే కాదు, వాళ్లతో ఒకే కప్పు కింద ఉండే అమ్మానాన్నలు, అత్తమామలు, భార్యాభర్తలు కూడా చదవాలని మా కోరిక.

మనందరికీ తెలిసిన ఒక ఉద్యోగం

మాట గాలిలో ఉండకుండా, మన ఊళ్లలో అందరూ చూసిన ఒక ఉద్యోగాన్ని తీసుకుందాం. 2018లో కొత్త పంచాయతీరాజ్ చట్టం వచ్చింది. ఆ ఏడాది ఆగస్టు 2 నుంచి తెలంగాణలో నాలుగు వేలకు పైగా కొత్త గ్రామ పంచాయతీలు ఏర్పడి, మొత్తం 12,751 అయ్యాయి. కొత్తవాటిలో వెయ్యికి పైగా తండాలు, గూడేలే. మన జిల్లాలో ఏ మండలానికి వెళ్లినా అప్పటిదాకా పక్క ఊరి పంచాయతీలో ఒక వార్డుగా ఉన్న తండా సొంత పంచాయతీ అయింది. పంచాయతీ అయితే వచ్చింది గానీ, చాలాచోట్ల దానికి ఆఫీసు లేదు, బీరువా లేదు, పాత రికార్డూ లేదు.

ఆ ఆగస్టు చివర్లోనే 9,355 జూనియర్ పంచాయతీ కార్యదర్శుల పోస్టులకు ప్రకటన వచ్చింది. అక్టోబరులో పరీక్ష పెట్టారు. ఎంపికైనవాళ్లు 2019 ఏప్రిల్‌లో చేరారు. డిగ్రీ చదివిన పిల్లలు, చాలామందికి అదే మొదటి ఉద్యోగం. నెలకు 15,000 రూపాయల జీతం, మూడేళ్లు ప్రొబేషన్. ఆ గడువు తరువాత నాలుగేళ్లకు పెరిగింది. చేరిన అయిదు నెలలకే, 2019 సెప్టెంబరు 6న, ముప్పై రోజుల కార్యాచరణ మొదలైంది. ఇక ఆ పని ఎట్లా ఉండేదో మీలో చాలామంది కళ్లారా చూసే ఉంటారు. తెల్లవారకముందే మోరీలు తీయించడం, చెత్త బండి పంపడం, ఫోటోలు తీసి ఫోన్‌లో ఎక్కించడం. ఆ తరువాత నర్సరీ, డంపింగ్ యార్డు, వైకుంఠధామం, పల్లె ప్రకృతి వనం. మధ్యలో ఇంటి పన్ను, పుట్టిన పత్రం, చనిపోయిన పత్రం, ఇల్లు కట్టుకోవడానికి అనుమతి. నాటిన మొక్కల్లో వందకు 85 బతకాలని చట్టమే చెప్పింది. బతకకపోతే సర్పంచు, కార్యదర్శి ఇద్దరూ జవాబుదారులు.

2020 మార్చిలో ఉపాధి హామీ ఫీల్డ్ అసిస్టెంట్లను విధుల నుంచి తప్పించారు. ఆ పని కూడా కార్యదర్శుల మీదికి వచ్చింది. అదే నెలలో కరోనా. ఫీల్డ్ అసిస్టెంట్లు తిరిగి చేరింది 2022 ఆగస్టులో. అంటే రెండేళ్లకు పైగా ఒకరు రెండు కుర్చీల పని చేశారు. జీతం 2021 జులై నుంచి 28,719 అయింది. 2023 ఏప్రిల్ 28 నుంచి రెండు వారాలకు పైగా సమ్మె జరిగింది. పనితీరు చూసి ఉద్యోగాలు క్రమబద్ధం చేయడానికి జులైలో ఉత్తర్వులు వచ్చాయి.

సమ్మె మంచిచెడ్డలు తేల్చడం ఆరోగ్య పత్రిక పని కాదు. మేము ఈ కథ ఎందుకు ఎత్తుకున్నామంటే, ఇందులో రెండు వేర్వేరు కష్టాలు పక్కపక్కనే స్పష్టంగా కనిపిస్తాయి. 2019 వేసవిలో ఆ పిల్లలకున్నది తెలియనితనం. రిజిస్టరు ఎట్లా రాయాలో తెలియదు, పెద్దమనుషుల ముందు నోరు పెగలదు. దాన్ని బెదురు అందాం. 2021 నాటికి పని వచ్చింది, బెదురు చాలావరకు పోయింది. కానీ పనే ఒక మనిషి చేయగలిగినదానికంటే ఎక్కువైంది. ఇది బరువు. బెదురుకు మందు నేర్చుకోవడం. బరువుకు మందు దించుకోవడమో, పంచుకోవడమో. మా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఈ రెంటినీ కలిపేసుకుంటారు. బరువు మోయలేక వంగిపోతూ "నాకు చేతకాదు, నేను పనికిరాను" అనుకుంటారు. మరికొందరు నేర్చుకుంటే తీరిపోయే బెదురుకు "ఈ ఉద్యోగమే మంచిది కాదు" అని పేరు పెట్టి రాజీనామా రాయబోతారు. ముందు మీది ఏదో తేల్చుకోండి.

తేల్చుకోవడానికి ఒక చిన్న ప్రశ్న ఉంది. "ఈ పని నేర్పేవాళ్లు పక్కన ఉండి, రోజంతా ఇదొక్కటే చేయమంటే చేయగలనా?" చేయగలను అని మనసు చెబితే మీది బరువు. పక్కన మనిషి ఉన్నా చేయి వణుకుతుంది అనిపిస్తే బెదురు. రెండూ ఉండవచ్చు కూడా. కొత్తగా చేరిన స్టాఫ్ నర్సులకు సాధారణంగా రెండూ ఉంటాయి. 2022లో మహబూబాబాద్‌లో, 2023లో జనగామ, భూపాలపల్లిలో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. 2024 జనవరి 31న హైదరాబాద్‌లో ఒక్కరోజే ఆరు వేల తొమ్మిది వందల మందికి పైగా స్టాఫ్ నర్సులు నియామక పత్రాలు అందుకున్నారు. మన సంఘాల కుటుంబాల్లో నర్సింగ్ చదివిన ఆడపిల్లలు లేని ఇల్లు అరుదు కాబట్టి ఇది మీకు వేరే చెప్పనక్కరలేదు.

బెదురు ఎట్లా పోతుంది?

"ధైర్యంగా ఉండు" అంటే ధైర్యం రాదు. ధైర్యం వచ్చాక పని మొదలుపెడదామని కూర్చుంటే అది ఎప్పటికీ రాదు. అమెరికాలో ఆల్బర్ట్ బండూరా అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1977లో దీని మీద ఒక ముఖ్యమైన వ్యాసం రాశారు. ఆయన, ఆయనతో పనిచేసినవాళ్లు పాములంటే విపరీతంగా భయపడే మనుషులను తీసుకున్నారు. ముందు వేరొకరు పామును పట్టుకోవడం చూపించారు. తరువాత మెల్లగా దగ్గరికి రప్పించి, చేతికి తొడుగు వేసుకుని తాకించి, ఆ తరువాత ఉత్త చేత్తో తాకించారు. (విషం లేని పాములు లెండి. మన చేన్లలో పాముకు భయపడటం తెలివైన పనే, దాన్ని పోగొట్టుకోకండి.) మాటలతో ధైర్యం చెప్పినదానికంటే, ఇంకొకరు చేస్తుంటే చూసినదానికంటే, తన చేత్తో తాను చేసినప్పుడే మనిషికి "నేను చేయగలను" అన్న నమ్మకం ఎక్కువగా కుదిరింది.

దీన్ని మన కార్యదర్శి పిల్లకు అన్వయించి చూడండి. ఇంటి పన్ను వసూలు అంటే భయం. ఊరంతా ఒక్కరోజే తిరగాలనుకుంటే కాళ్లు రావు. పక్క పంచాయతీలో పాత కార్యదర్శి ఉంటే ఒక పూట ఆయన వెంట నడవాలి. ఆయన ఏమంటున్నారు, జనం ఏమంటున్నారు, రశీదు ఎప్పుడు చింపుతున్నారు అన్నది చూడాలి. మరునాడు తన ఊళ్లో గొడవ పెట్టని పది ఇళ్లు మాత్రం ఎంచుకోవాలి. మొండిబాకీ ఇళ్లు చివరికి. గ్రామసభలో మాట్లాడటం భయమైతే మొదటిసారి ఎజెండా చదివితే చాలు. రెండోసారి ఒక్క అంశం వివరించాలి. రెండు నెలలకొక సభ ఉంటుంది కాబట్టి ఏడాదిలో ఆరుసార్లు అభ్యాసం అవుతుంది. నర్సమ్మాయి అయినా అంతే. చిన్నపిల్లలకు సూది పెట్టడం భయమైతే ముందు సీనియర్ సిస్టర్ పక్కన నిలబడాలి, తరువాత ఆమెను తన పక్కన నిలబెట్టుకోవాలి. రోగి మీద నేర్చుకునే విషయంలో "నాకు తెలుసు" అనే అబద్ధం ఎప్పుడూ వద్దు. అడిగిన నర్సుకు చిన్నతనమేమీ లేదు.

తండాల్లో ఇంకో బెదురు కూడా ఉంటుంది. భాష. ముసలమ్మలు లంబాడీలో మాట్లాడుకుంటుంటే కొత్త ఉద్యోగికి తన గురించే ఏదో అంటున్నారని అనుమానం. ఇలాంటి స్థితిలో మన గడ్డ మీద పని మొదలుపెట్టిన ఒక పెద్దాయన మీకందరికీ తెలుసు. వేదనాయకం శామ్యూల్ అజరయ్య గారు 1909లో తిరునల్వేలి నుంచి దోర్నకల్ వచ్చారు. వయసు దాదాపు ముప్పై అయిదు. మాతృభాష తమిళం. అప్పటికే పేరున్న వక్త అయినా ఇక్కడ తెలుగు నేర్చుకోక తప్పలేదు, నేర్చుకున్నారు. 1912 డిసెంబరులో ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ అయ్యారు. దోర్నకల్ రైలు స్టేషన్‌లో దిగే ఉద్యోగులు ఆ వయసులో ఆ మనిషి పలక పట్టిన సంగతి గుర్తుచేసుకుంటే, వారానికి పది లంబాడీ మాటలు నేర్చుకోవడం కష్టమనిపించదు. "తిన్నారా? నీళ్లు వచ్చాయా? పిల్లకు జ్వరం తగ్గిందా?" ఈ మూడు వాళ్ల మాటలో అడగడం వచ్చిన రోజున సగం బెదురు పోతుంది.

బరువు సంగతి

పని ఎక్కువైతేనే మనిషి జబ్బు పడతాడనుకుంటాం. 1979లో రాబర్ట్ కరాసెక్ అనే పరిశోధకుడు స్వీడన్, అమెరికా ఉద్యోగుల వివరాలు పరిశీలించి వేరేమాట చెప్పారు. పని ఎక్కువగా ఉండి, ఆ పనిని ఎప్పుడు, ఎట్లా చేయాలో నిర్ణయించే వీలు తక్కువగా ఉన్నచోట మనిషి ఎక్కువ నలుగుతాడు. మన రైతు నాట్ల రోజుల్లో చేసే చాకిరీ తక్కువదా? కానీ ఏ మడి ముందో ఆయన ఇష్టం. ఉద్యోగికి అది లేదు. పొద్దున ఒక అధికారి ఒక లెక్క అడుగుతారు, మధ్యాహ్నం ఇంకొకరు వీడియో కాన్ఫరెన్స్‌కు రమ్మంటారు, రాత్రి వాట్సాప్ గ్రూపులో "ఇంకా పంపనివారు" అని పేర్ల పట్టిక వస్తుంది. బరువు తగ్గించడం మన చేతిలో లేకపోయినా, ఆ వీలును కొంచెం వెనక్కి తెచ్చుకోవచ్చు.

దానికి ఒక నోటుబుక్కు చాలు. పనులన్నీ తలలో పెట్టుకుంటే రాత్రి రెండు గంటలకు అవే లేచి కూర్చుంటాయి. కాగితం మీద పెట్టండి. చట్టం గడువు పెట్టినవి ముందు పేజీలో రాయండి. పుట్టుక, చావు 21 రోజుల్లోపు తెలియజేయాలి. మార్చి 31తో పన్ను సంవత్సరం ముగుస్తుంది. ఇవి ఎవరు తిట్టినా తిట్టకపోయినా ఆగవు. రోజూ ఉండేవి వేరే పేజీలో. కాలాన్ని బట్టి వచ్చేవి మరో పేజీలో రాయండి. వేసవిలో తాగునీళ్లు, నర్సరీకి తడి. వానలు పడగానే మొక్కలు, దోమలు, బ్లీచింగ్. ఈ కాలం పనులు ఏటా వచ్చేవే అయినా కొత్త ఉద్యోగికి మొదటి ఏడాది ప్రతిదీ పిడుగులాగే పడుతుంది. రెండో ఏడాది ఈ పేజీయే కాపాడుతుంది. ఇక మిగిలేవి హఠాత్తుగా ఎవరో అడిగేవి. వీటికోసం రోజులో ఒక గంట ఖాళీ ఉంచకుండా టైంటేబుల్ వేసుకుంటే అది మధ్యాహ్నానికే చెదిరిపోతుంది.

అయినా పట్టనంత పని ఉంటే పై అధికారికి చెప్పాలి. ఇక్కడే మన పిల్లలు తడబడతారు. "నావల్ల కాదు సార్" అంటే ఫిర్యాదులా వినబడుతుంది. మౌనంగా ఉండి గడువు దాటిపోతే నిర్లక్ష్యం కింద లెక్క. "సార్, ఈరోజు నా చేతిలో ఈ మూడు పనులున్నాయి. రెండు సాయంత్రానికి అవుతాయి. ఏ రెండు ముందు చేయమంటారు?" అని అడిగి చూడండి. వీలైతే రాతలో. తిట్టే అధికారి తిడతాడు, అది వేరే సంగతి. కానీ చాలామంది ఏదో ఒకటి రేపటికి జరుపుతారు.

పంచుకోవడం అంటే గుర్తొస్తుంది. నిర్గమకాండము పద్దెనిమిదో అధ్యాయం మీరు చాలాసార్లు చదివి ఉంటారు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా జనం తగవులన్నీ ఒక్కడే వింటున్న మోషేను చూసి మామ యిత్రో మందలిస్తాడు. ఇట్లా చేస్తే నువ్వూ నలుగుతావు, జనమూ నలుగుతారు అన్నది ఆయన మాటల సారం. చిన్నవి వేరేవాళ్లకు అప్పగించి, పెద్దవి మాత్రం నువ్వు చూడు అంటాడు. కొత్త ఉద్యోగి కింద వేలమంది, వందలమంది అధిపతులు ఉండరన్నది నిజమే. పంచాయతీలో ఉన్నది ఇద్దరు ముగ్గురు మల్టీపర్పస్ వర్కర్లు. అయినా ట్రాక్టర్ ఎప్పుడు ఏ వీధికి వెళ్లాలన్నది వాళ్లకు వదిలేసి, వారానికి రెండుసార్లు మాత్రం వెంట వెళ్లే కార్యదర్శికి పొద్దున ఒక గంట మిగులుతుంది.

ఒంటి మీద దీని గుర్తులు

ఎక్కువ గంటలు పనిచేయడం వట్టి అలసటతో పోదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో ఒక లెక్క ప్రకటించాయి. వారానికి 35 నుంచి 40 గంటలు పనిచేసేవారితో పోలిస్తే 55 గంటలు, అంతకు మించి పనిచేసేవారికి పక్షవాతం వచ్చే ప్రమాదం 35 శాతం, గుండె రక్తనాళాల జబ్బుతో చనిపోయే ప్రమాదం 17 శాతం ఎక్కువ. కాబట్టి ముప్పై దాటిన ఉద్యోగులు ఏడాదికొకసారి బీపీ, షుగర్ చూపించుకోవాలి. పనిలో ఎడతెగని ఒత్తిడి వల్ల మనిషి పూర్తిగా సొమ్మసిల్లిపోయి, పని మీద విసుగు పుట్టి, ఏదీ చేయలేననిపించే స్థితిని కూడా ప్రపంచ ఆరోగ్య సంస్థ తన జబ్బుల పట్టికలో చేర్చింది. అయితే జబ్బుగా కాదు, పని వల్ల కలిగే పరిస్థితిగా. గోలీలతో మాత్రమే అది తగ్గదని దీని అర్థం.

ఊళ్లు తిరిగే ఆడపిల్లలకు ఒక మాట ప్రత్యేకంగా చెప్పాలి. చాలా తండాల్లో ఆఫీసు అంటే ఒక గది. బాత్‌రూం ఉండదు, ఉన్నా నీళ్లుండవు. అందుకని పొద్దున ఆరింటికి బయలుదేరేటప్పటి నుంచి మధ్యాహ్నం దాకా నీళ్లు తాగరు. కొద్ది రోజులకు మూత్రంలో మంట, చలిజ్వరం, నడుము నొప్పి. సిగ్గుపడి చెప్పరు, మందుల షాపులో ఏదో అడిగి మింగుతారు. ఇది ధైర్యానికి సంబంధం లేని విషయం అనుకోకండి. ఒంట్లో నలతగా ఉన్న మనిషికి గ్రామసభ ఎట్లా నిలబడి నడపాలనిపిస్తుంది? అంగన్‌వాడీ టీచరమ్మనో, ఆశమ్మనో పరిచయం చేసుకుని ఒక ఇల్లు చూసుకోండి. నీళ్ల సీసా వెంట ఉండాలి, అది ఖాళీ కావాలి. ఆయాసం, గుండెదడ ఉంటే అది భయం వల్లే అని మీరే తీర్మానించవద్దు. రక్తం తక్కువైనా, థైరాయిడ్ తేడా ఉన్నా అట్లాగే ఉంటుంది. చిన్న రక్తపరీక్షతో తేలిపోతుంది.

పొద్దున ఏమీ తినకుండా నాలుగు టీలు తాగి, కడుపు మంటకు గ్యాస్ గోలీ వేసుకునేవాళ్లకు మేము ముందు రాసే మందు రెండు ఇడ్లీలో, రాత్రి మిగిలిన జొన్నరొట్టో. నిద్ర గోలీలు మాత్రం సొంతంగా కొనుక్కోకండి. సాయంత్రం మందు కొట్టి నిద్రపోయే మగపిల్లలు ఆ నిద్ర తెల్లవారుజామున తెగిపోవడం గమనించే ఉంటారు.

ఇంట్లోవాళ్లు చేయగలిగినది

"ఎంతమందికి వచ్చింది గవర్నమెంటు ఉద్యోగం? నీకేం తక్కువ?" ఈ మాట ప్రేమతోనే అంటారు. వినే పిల్లకు మాత్రం ఇక కష్టం చెప్పుకునే దారి మూసుకుపోతుంది. చుట్టాలకు గొప్పగా చెప్పుకున్నాం గనుక మానేస్తే పరువు పోతుందన్న భయం కూడా ఆమె నెత్తినే పడుతుంది. రాగానే "ఈరోజు ఏమైంది?" అని అడిగి, సలహా చెప్పకుండా పది నిమిషాలు వినండి. కోడలు ఉద్యోగం చేస్తుంటే ఒక పూట వంట అత్తమ్మో, కొడుకో చేస్తే ఇంటి గౌరవం ఏమీ తగ్గదు. రాత్రి తొమ్మిది దాటాక ఫోన్ వేరే గదిలో పెట్టే అలవాటు ఇంటిల్లిపాదీ చేయండి, ఉద్యోగి ఒక్కరికే చెబితే అది సాగదు. నైట్ డ్యూటీ చేసి వచ్చిన నర్సు పగలు నిద్రపోతుంటే ఆమె బద్ధకస్తురాలు కాదు.

కొన్ని గుర్తులు కనబడితే ఆలస్యం వద్దు. రెండు వారాలకు పైగా నిద్ర, ఆకలి లేకపోవడం, నలుగురిలో కలవకపోవడం, చిన్నదానికే ఏడ్వడం, "నేను లేకపోతే అందరికీ నయం" లాంటి మాటలు. అట్లాంటి మాట విన్నప్పుడు కోప్పడకండి, బోధించకండి, ఒంటరిగా వదలకండి. చచ్చిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడగవచ్చు, అడిగినందువల్ల ఆ ఆలోచన కొత్తగా పుట్టదు. 2022 అక్టోబరులో మొదలైన టెలీ మానస్ అనే ప్రభుత్వ ఫోన్ సేవ ఉంది. నంబరు 14416. డబ్బు ఖర్చు లేదు, పగలు రాత్రి ఎప్పుడైనా తెలుగులో మాట్లాడవచ్చు. ప్రాణాపాయం అనిపిస్తే ఫోన్‌తో ఆగకుండా వెంటనే దగ్గరి ఆస్పత్రికి తీసుకురండి.

మామూలు ఓపీకి వచ్చేవాళ్లు ఇప్పటిదాకా వాడిన గోలీల పట్టీలు, పాత రిపోర్టులు తెచ్చుకోండి. గత వారం రోజులు ఎన్నింటికి లేచారు, ఎప్పుడు తిన్నారు, ఎన్నింటికి పడుకున్నారు అన్నది ఒక కాగితం మీద రాసుకొస్తే డాక్టరుకు సగం పని తగ్గుతుంది. ఇంట్లోవాళ్ల ముందు చెప్పలేనిది ఉంటే సిస్టర్‌తో ముందే అనండి, లోపలికి ఒక్కరినే పిలుస్తారు.